పాత అడవి సాహస చిత్రాలలోని లోపాలు: డబ్బు లేకనా, శ్రద్ధ లేకనా?

గుణుపురం మాస్టారు (రాయగడ జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను గుణుపురంలో ఉపాధ్యాయుడిని. వసతిగృహంలో ఉండే పిల్లలకు ఆదివారం సాయంత్రాలలో తెర కట్టి పాత చిత్రాలు చూపిస్తుంటాను. వారిలో కొందరు మన తెలుగు ఇళ్ల పిల్లలు, ఎక్కువమంది కొండ మీద ఊళ్ల నుంచి దిగివచ్చి చదువుకుంటున్న సవర పిల్లలు. గత నెలలో 1950ల నాటి అమెరికా అడవి సాహస చిత్రం ఒకటి వేశాను. చిన్నతనంలో మా నాన్నగారి పక్కన కూర్చుని అటువంటి చిత్రాలను ఊపిరి బిగబట్టి చూసిన నాకు, మా పిల్లలు కూడా అలాగే చూస్తారన్న ఆశ ఉండేది.

వారు శ్రద్ధగానే చూశారు. అయితే చిత్రం ముగిశాక ఏడో తరగతి పిల్లవాడు లేచి, సింహం కనిపించిన ప్రతిసారీ వెలుతురు ఎందుకు మారిపోతోందని అడిగాడు. మరొకడు, సవర పిల్లవాడు, చాలాసేపు ఆలోచించి, "ఆ ఊరివాళ్లకు మాటలు రావా, మాస్టారూ?" అన్నాడు. మొదటి ప్రశ్నకు తక్కువ ఖర్చుతో తీశారు కనుక అని చెప్పాను. రెండో దానికి కూడా అదే జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఈ చిత్రాలలోని లోపాలలో పేదరికం వల్ల వచ్చినవి ఏవి, పేదరికంతో సంబంధం లేనివి ఏవి? ఈ పిల్లలకు చూపదగిన పాత అడవి చిత్రాలు ఏవైనా ఉన్నాయా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

బరంపురం ఆపరేటరు

మాస్టారూ, నేను బరంపురంలో ఒక సినిమా హాలులో ఇరవై రెండేళ్లు ఆపరేటరుగా పనిచేశాను. వెలుతురు మారిందని పట్టుకున్న మీ విద్యార్థిది చాలా మంచి కన్ను. సింహం ఒక చిత్రానిది, కథానాయకుడు మరో చిత్రానివాడు కావడమే అందుకు కారణం.

ఆ రోజులలో అమెరికాలో ఒకే టికెట్టు మీద రెండు చిత్రాలు వేసేవారు. పెద్ద చిత్రానికి వసూళ్లలో వాటా వచ్చేది కాని, దానికి జతగా వేసే చిన్న చిత్రానికి హాలువారు ముందుగా మాట్లాడుకున్న అద్దె మాత్రమే చెల్లించేవారు. చిత్రాన్ని ఎంత బాగా తీసినా ఆ అద్దె పెరగదు కనుక, నిర్మాతకు లాభమంటే ఖర్చులో మిగుల్చుకున్నదే. శామ్ కాట్జ్‌మన్ కొలంబియా సంస్థకు 1948 నుంచి 1955 వరకు నిర్మించిన జంగిల్ జిమ్ వరుసలోని పదహారు చిత్రాలూ ఆ లెక్క మీద నడిచినవే. ఒలింపిక్ ఈత పోటీలలో ఐదు స్వర్ణపతకాలు గెలిచి, టార్జాన్‌గా లోకమంతటా పేరు పొందిన జానీ వైస్‌ముల్లర్ వాటిలో కథానాయకుడు. మోనోగ్రామ్ సంస్థ 1949లో మొదలుపెట్టిన, అడవిలో పెరిగిన బోంబా అనే కుర్రవాడి చిత్రాలకైతే, 1930లో వచ్చిన ఆఫ్రికా స్పీక్స్ అనే యాత్రాచిత్రం నుంచి జంతువుల దృశ్యాలను తీసుకుని అతికించారు. ఇరవై ఏళ్ల నాటి ఫిల్ముకు నకలు తీసి, ఆ నకలును కొత్త ఫిల్ము పక్కన అతికితే, తెలుపు మరీ తెల్లబడి, నలుపు మరీ నల్లబడి, తెర అంతా ఇసుక చల్లినట్లు కనిపిస్తుంది. మూకీల కాలంలో తక్కువ వేగంతో తీసిన ముక్కను సెకనుకు 24 ఫ్రేముల వేగంతో వేస్తే జంతువులు తొందర తొందరగా నడుస్తాయి. రీలు తిప్పుతున్నప్పుడు అతుకు ఎక్కడ ఉందో నాకు ముందే తెలిసిపోయేది.

ఇవి నేను క్షమించగలిగిన లోపాలు. కాని ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. మొదటి జంగిల్ జిమ్ చిత్రానికి దర్శకుడైన విలియం బెర్క్, తర్వాత మన దేశానికే వచ్చి, సేలంలోని మోడరన్ థియేటర్స్ భాగస్వామ్యంతో ది జంగిల్ అనే చిత్రం తీశారు. అది 1952లో విడుదలయింది, తమిళంలో కాడు అన్న పేరుతో కూడా వచ్చింది. అతుకు ముక్కల అవసరం లేకుండా అసలైన ఏనుగులే ఎదురుగా ఉండగా, వాటికి బొచ్చు తొడుగులు కప్పి మంచుయుగపు మామత్‌లుగా చూపించారు. మన ఏనుగు ఏనుగుగా వారికి చాలలేదు.

కొరాపుట్ అడవిమనిషి

నేను అటవీశాఖలో కిందిస్థాయి ఉద్యోగం చేసి విరమించినవాడిని. సినిమా సాంకేతికత నాకు తెలియదు. అడవి గురించి మాత్రం రెండు మాటలు రాయగలను.

ఈ చిత్రాలలో కథానాయకుడు పట్టుకుని ఊగే తీగ కింద ఎక్కడా నేలను తాకదు. మన కొండలలోని అడ్డతీగను చూసినవారెవరూ దానిని నమ్మరు. అది నేలలో వేరూని, మెలికలు తిరుగుతూ చెట్ల చిటారు కొమ్మలకు పాకుతుంది. మొదలు నరికితే తప్ప దానిని పట్టుకుని ఊగడం కుదరదు. దాని ఆకులతో విస్తళ్లు కుట్టే ఇళ్ల పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక శబ్దం. హాలీవుడ్ అడవులలో పగలూ రాత్రీ విడవకుండా వినిపించే ఆ నవ్వులాంటి పక్షి కూత ఆస్ట్రేలియాకు చెందిన కూకబరాది. ఆఫ్రికా కథ అయినా, ఆసియా కథ అయినా అదే కూత. నిజమైన అడవి మిట్టమధ్యాహ్నం దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఒక కొండముచ్చు చెట్టు మీద నుంచి ఖొక్ మంటుంది, కాసేపటికి మరింత దగ్గరగా కణుజు అనే పెద్ద జింక అరుస్తుంది. పులి కదిలిందని, ఎటు కదిలిందని ఆ కూతలే చెబుతాయి. పులి కనిపించదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా గుండె అదిరిన సందర్భాలన్నీ అటువంటివే. చేతిలో పైకం లేని నిర్మాతకు ఇంతకంటే చౌకైన భయం ఎక్కడ దొరుకుతుంది? పులిని అద్దెకు తేనక్కరలేదు, చెవి ఉంటే చాలు. వారు ఆ చెవి పెట్టలేదు.

బరంపురం ఆపరేటరు

కొరాపుట్ వారు చెప్పినది చేసి చూపినవారు ఒకరున్నారు. ఆర్.కె.ఓ. సంస్థలో చిన్న చిత్రాల విభాగానికి నిర్మాతగా ఉన్న వాల్ ల్యూటన్, జాక్ టర్నూర్ దర్శకత్వంలో 1942లో క్యాట్ పీపుల్ అనే చిత్రం తీయించారు. అది నగరంలో జరిగే కథే అయినా, అందులోని క్రూరమృగాన్ని దాదాపు చూపకుండా, నీడలతో, అడుగుల చప్పుడుతో, హఠాత్తుగా ఆగిపోయే శబ్దంతో జనాన్ని వణికించారు. అదీ తక్కువ ఖర్చు చిత్రమే.

పర్లాకిమిడి పాఠకురాలు

మాస్టారు గారికి నమస్కారం. మీ రెండో విద్యార్థి ప్రశ్నకు ఎవరూ జవాబు రాయలేదు కనుక నేను ప్రయత్నిస్తాను.

లోపాలకు డబ్బే కారణమైతే, డబ్బున్నవారి చిత్రాలలో అవి ఉండకూడదు. అమెరికాలో అన్నిటికంటే సంపన్నమైన ఎం.జి.ఎం. సంస్థ 1932లో వైస్‌ముల్లర్‌తో మొదటి టార్జాన్ చిత్రం తీసింది. ఆఫ్రికా ఏనుగుల చెవులు పెద్దవి కనుక, ఆసియా ఏనుగులకు పెట్టుడు చెవులు తగిలించి అందులో నడిపించారు. లఖారీ లోయ ఏనుగుల మధ్య బతికే మా జిల్లావాళ్లం ఆ మోసాన్ని వెంటనే గుర్తుపడతాం కాని, దానిని పనితనంగా మెచ్చుకోవచ్చు కూడా. అయితే అదే చిత్రంలో అడవిలోని పొట్టి జాతి మనుషులుగా, మరుగుజ్జులైన తెల్లవారికి ఒంటినిండా నల్లరంగు పూసి చూపించారు. ఇది డబ్బు లేక చేసిన పని కాదు. అడవిలో ఉండేవారిని చెట్లలో ఒక చెట్టుగా, మృగాలలో ఒక మృగంగా చూసే అలవాటు వల్ల చేసిన పని. తరువాత వచ్చిన చిన్న సంస్థలు పెద్ద సంస్థ దగ్గర ఈ అలవాటును కూడా నేర్చుకున్నాయి. అందుకే ఆ ఊరివాళ్లు అరుస్తారు, మోస్తారు, పారిపోతారు, చనిపోతారు. ఒక్క పూర్తి వాక్యం మాట్లాడరు. ఇద్దరు నటులకు ఒక నిజమైన భాషలో నాలుగు మాటలు నేర్పడానికి ఎంత ఖర్చవుతుంది?

మా ఊరి పేరు చెప్పుకోవడం గొప్ప కోసం కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే ఉద్యోగం చేస్తూ, సవరలను పిలిపించుకుని ఇంట్లో ఉంచుకుని వారి భాష నేర్చుకున్నారు, వారి పిల్లలకు బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆ తర్వాతి ఏడే ఆ టార్జాన్ చిత్రం విడుదలయింది. అడవి మనుషుల మాటకు వ్యాకరణం ఉందని ఒక పంతులుగారు వినగలిగిన కాలంలో, కోట్లమంది చూసే చిత్రాలకు అది వినిపించలేదు. మీ పిల్లవాడికి నేనైతే, "వాళ్లకు మాటలు వచ్చు నాయనా, తీసినవాళ్లు వినలేదు" అని చెబుతాను.

చూపడానికి ఛాంగ్ మంచిదని నా అభిప్రాయం. తర్వాత 1933లో కింగ్ కాంగ్ తీసిన కూపర్, షోడ్‌సాక్ ఇద్దరూ 1927లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) అడవులలో, అక్కడి మనుషులనే పాత్రలుగా పెట్టి దానిని తీశారు. అడవి అంచున ఇల్లు కట్టుకున్న ఒక కుటుంబం కథ అది. జంతువులను నిజంగానే చంపిన దృశ్యాలు ఉన్నాయి కనుక మీరు ముందుగా చూసి, పిల్లలకు తగనివి దాటవేయండి.

గుణుపురం మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. పర్లాకిమిడి అమ్మగారి జవాబును ఆ పిల్లవాడికి నిన్న యథాతథంగా చెప్పాను. అతడు మరేమీ అనలేదు కాని, రాత్రి భోజనాల దగ్గర తోటివారికి సవరలో చాలాసేపు ఏదో వివరిస్తూ కనిపించాడు.

వచ్చే ఆదివారం ఛాంగ్ వేస్తున్నాను. అది మూకీ చిత్రం కనుక పాత్రల మాటలను పిల్లలే పలుకుతారు. తండ్రి, తల్లి పాత్రలకు ఇద్దరు సవర పిల్లలు సవరలోనే చెబుతామని ముందుకు వచ్చారు. తెలుగు పిల్లలకు అర్థమయ్యేలా పక్కన ఒకడు తెలుగులో చెబుతాడు. కొరాపుట్ వారు రాసిన కొండముచ్చు కూత, కణుజు కూత వేయడానికి మరో నలుగురు ఇప్పటినుంచే సాధన చేస్తున్నారు.