నల్ల కవర్లు మానేసి నర్సరీ నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర చిన్న నర్సరీ. మామిడి అంట్లు, మల్లె, కరివేపాకు, కొన్ని ఎర్రచందనం మొక్కలు పెంచుతాం. ఏటా వేలల్లో నల్ల కవర్లు కొంటున్నాం. మొన్న వానకి కాలువ పూడిపోతే పారతో తీశాను, వచ్చినవన్నీ మా కవర్లే. సిగ్గేసింది.

కొబ్బరి పీచు కుండీలు ఓ యాభై తెచ్చి చూశాను. వేర్లు పీచులోంచి చక్కగా బయటికొచ్చాయి, కవర్లోలాగా అడుగున చుట్టలు చుట్టుకోలేదు. కానీ ఏప్రిల్ ఎండకి పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికే ఆరిపోయేవి. రోజుకు రెండుసార్లు తడపాలి. మా బోరేమో మే నెలలో గంట ఆడితే గొప్ప! పైగా ఉప్పు నీళ్లు, కుండీల అంచున తెల్లగా పొర కట్టింది. షేడ్ నెట్ కింద పెట్టినా పెద్ద తేడా లేదు.

మా నాయనదైతే ఒకటే మాట: "కుండీ ఖర్చు మొక్క ధర మీద వేస్తే ఎవరు కొంటారురా?" అదీ నిజమే.

రూట్ ట్రైనర్లు (వేర్లు చుట్టుకోకుండా కిందికి దిగేలా లోపల గాడులుండే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు) మళ్లీ మళ్లీ వాడుకోవచ్చంటున్నారు. మామిడి టెంక నుంచి తల్లివేరు నేరుగా కిందికి దిగుతుంది కదా, దానికి ఆ లోతు చాలుతుందా? ఎర్రమట్టిలో కొబ్బరి పొట్టు ఎంత కలుపుతున్నారు? పొట్టులో ఉప్పు పోవాలంటే ఎన్నిసార్లు కడగాలి? పాత కవర్లు వెనక్కి తెచ్చినవాళ్లకి ధర తగ్గించి చూసినవాళ్లుంటే అదీ చెప్పండి. మా వైపు ఎండలు, నీళ్లు తెలిసినవాళ్లయితే ఇంకా మంచిది.