కిల్ట్ మీద వెయిస్ట్‌కోటు వేసుకుంటే బెల్టు పెట్టుకోవాలా, వద్దా?

గ్లాస్గో గోదారోడు:
వచ్చే శనివారం స్టెర్లింగ్‌లో నాతో పనిచేసే స్కాటిష్ ఫ్రెండు పెళ్లి. పెళ్లికొడుకు పక్కన నిలబడే నలుగురిలో నేనొకణ్ణి, అందరికీ కిల్టే, అంటే స్కాట్లండ్ మగవాళ్లు కట్టే మోకాళ్లదాకా వచ్చే కుచ్చిళ్ల లంగాలాంటిది. అద్దె షాపువాళ్లు ప్రిన్స్ చార్లీ అనే పొట్టి ఫార్మల్ జాకెట్టు, మూడు గుండీల వెయిస్ట్‌కోటు, స్పోరన్‌తోపాటు (కిల్ట్ ముందు వేలాడే చిన్న సంచి) వెడల్పాటి నల్ల తోలు బెల్టు కూడా ఇచ్చారు. వెయిస్ట్‌కోటు కింద బెల్టు పెట్టకూడదని పెళ్లికొడుకు వాళ్ల నాన్నగారు పట్టుబడుతున్నారు. షాపులో ఇచ్చారంటే పెట్టుకోమనే కదా? తెలిసినవాళ్లు చెప్పండి.

టార్టాన్ పిచ్చి:
పెద్దాయన మాటే వినండి. బెల్టు లేకపోతే జారిపోతుందన్న భయం మనకి ప్యాంటుతో వచ్చిన అలవాటు. కిల్ట్‌ని నడుముకి చుట్టి పక్కల తోలు పట్టీలతో బిగిస్తారు, మామూలుగా ఎడమవైపు ఒకటి, కుడివైపు రెండు. కొలతకు కుట్టినదైతే ఎనిమిది గజాల ఉన్ని బరువునీ ఆ పట్టీలే మోస్తాయి. బెల్టు అలంకారం మాత్రమే. వెయిస్ట్‌కోటు తొడిగాక ఆ అలంకారం కనబడదు, ఉబ్బు మాత్రం కనబడుతుంది. నేను మొదటిసారి కట్టినప్పుడు రెండూ పెట్టుకున్నాను. ఆ బకిల్ అరచేతిలో సగం ఉంటుంది. కూర్చున్న ప్రతిసారీ వెయిస్ట్‌కోటు అంచు పైకెక్కి, కింద బకిల్ మూల బయటపడేది. ఏ ఫొటో చూసినా అదే.

క్లైడ్ ఒడ్డు:
నేనొప్పుకోను. అసలు కథ బెల్టుతోనే మొదలైంది. 16వ శతాబ్దం చివరినుంచి స్కాట్లండ్ కొండ ప్రాంతమైన హైలాండ్స్‌లో కట్టింది కుట్టులేని పెద్ద ఉన్ని దుప్పటి. కుచ్చిళ్లు పెట్టి నడుముకి బెల్టు బిగిస్తేనే నిలిచేది, మిగతాది భుజం మీదికి వేసుకునేవాళ్లు. దాని ఇంగ్లీషు పేరే బెల్టెడ్ ప్లాయిడ్. మన పంచెకి మొలతాడులాగా. బెల్టు తీసేసి అదే సంప్రదాయమంటే ఎలాగండీ?

టార్టాన్ పిచ్చి:
చరిత్ర నిజమే. కానీ 18వ శతాబ్దంలో కింది సగం విడిగా వచ్చింది, కుచ్చిళ్లు కుట్టేశారు, తర్వాత పట్టీలొచ్చాయి. అక్కడితో బెల్టుకి ఆ పని తప్పింది. వెల్క్రో ఉన్న రెడీమేడ్ పంచెకి మొలతాడు వెతుక్కుంటామా? నేను వద్దంటున్నది వెయిస్ట్‌కోటు ఉన్నంతసేపే. భోజనాలయ్యాక కేలీ, అంటే స్కాటిష్ జానపద డాన్సు, మొదలైతే అందరూ జాకెట్టు, వెయిస్ట్‌కోటు విప్పేస్తారు. అప్పుడు బెల్టు లేకపోతే నడుము బోసిగా ఉంటుంది. వెయిస్ట్‌కోటు లేకుండా ట్వీడు జాకెట్టు ఒక్కటే వేసినా బెల్టు పెట్టాల్సిందే.

బ్యాండు పైపర్:
మేం బ్యాగ్‌పైపు బ్యాండువాళ్లం, ఫుల్ డ్రెస్‌లో డబ్లెట్ అనే యూనిఫాం జాకెట్టు పైనుంచి బెల్టు పెడతాం. అది యూనిఫాం, పెళ్లికి లెక్కలోకి రాదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, స్పోరన్‌ని ఈ బెల్టుకి తగిలించకూడదు. దాని గొలుసు వేరే, తుంటి మీదుగా వస్తుంది.

గ్లాస్గో గోదారోడు:
ఇప్పుడే ఇంట్లో కట్టి చూశాను. బెల్టుతో కూర్చుంటే కింది గుండీ ఊడొచ్చేలా లాగుతోంది. తీసేస్తే హాయిగా ఉంది. పెళ్లికి వద్దు, కేలీకి పెట్టుకుంటాను. అప్పటిదాకా దాన్నెక్కడ దాచాలి? స్పోరన్‌లో పట్టదు.

టార్టాన్ పిచ్చి:
కోట్లు వదిలే గదిలో సంచిలో ఉంచండి. చాలా బెల్టులకి లోపల వెల్క్రో ఉంటుంది, ఇంట్లోనే నడుముకి సరిచేసి తీసుకెళ్లండి. అక్కడ సంగీతం మొదలయ్యాక అద్దం దొరకదు.