వారం రోజులు కరెంటు, నీళ్లు, దారి లేకపోతే ఇల్లు గడిచేదెలా?

కొత్తకాపు
కొంచెం నేల ఉన్న ఇంట్లోకి మారాం. నలుగురం. అమ్మకి ఇన్సులిన్ పడుతుంది. తుఫానో వరదో వచ్చి వారం పాటు కరెంటు, నీళ్లు, దారి మూడూ ఆగిపోయినా ఇల్లు గడవాలి. ఆ తర్వాత మెల్లగా తిండి కూడా మా నేలలోనే పండించుకోవాలని ఉంది. నీళ్లు ఎన్ని దాచాలి? జనరేటరా, ఇన్వర్టరా? ధాన్యానికి పురుగు పట్టకుండా ఏం చేస్తున్నారు? ఇన్సులిన్ సంగతేంటి? ముఖ్యమైన కాగితాలు తడవకుండా ఎక్కడ పెడుతున్నారు? పడ్డవాళ్లు చెప్పండి.

నీటిబొట్టు
నీళ్ల తర్వాతే ఏదైనా. మనిషికి రోజుకి 4 లీటర్లంటారు. అది తాగడానికి, కాస్త వంటకి, ముఖం కడుక్కోడానికి. గిన్నెలు, మరుగుదొడ్డి అందులో లేవు. మీ నలుగురికి వారానికి 112 లీటర్లు, అదీ కనీసం. మా బావిలోకి వరద నీరు దిగినప్పుడు ఇంటి చుట్టూ నీళ్లే, పిల్లకి గ్లాసెడు తాగించడానికి లేవు. అప్పటినుంచి ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

మరిగించడం గురించి ఒక్క మాట. తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం చాలు. 2,000 మీటర్ల పైన కొండల్లో ఉన్నవాళ్లకి 3 నిమిషాలు. పావుగంట మరిగించి ఉన్న గ్యాసంతా తగలేయకండి, వారం గడవాలి. గ్యాసు అయిపోతే వాసన, రంగు కలపని ఇంటి బ్లీచ్ లీటరుకి 2 చుక్కలు వేసి అరగంట ఆగాలి. మడ్డి నీళ్లయితే గుడ్డలో వడకట్టి 4 చుక్కలు.

వెన్నెలవాకిలి
పిల్లలకి బ్లీచ్ నీళ్లు పట్టించమంటారా? తేరుకున్న నీళ్లు రంగులేని ప్లాస్టిక్ సీసాలో పోసి 6 గంటలు ఎండలో పడుకోబెట్టండి. క్రిములు చస్తాయి. ఖర్చు లేదు, మందు లేదు. మేం అదే చేస్తాం.

నీటిబొట్టు
మబ్బు కమ్మితే 6 గంటలు కాదు, 2 రోజులు ఎండాలి. ఎడతెరిపి లేని వానలో అదీ పనిచేయదు. తుఫాను వచ్చేది ముసురులోనే కదండీ! వేసవిలో పనికొచ్చే సలహా వరదలో ఇవ్వకండి. మీ కుళాయి నీళ్లలోనూ క్లోరిన్ ఉంటుంది, రోజూ తాగుతున్నారు.

వెన్నెలవాకిలి
కొంచెం మర్యాదగా మాట్లాడండి. నేనూ అనుభవంతోనే చెప్పాను.

చేతిపని
నీళ్ల గొడవ ఆపి కరెంటు సంగతి చూడండి. చిన్న జనరేటర్ కొనుక్కోండి. రెండు కొసలా పిన్నులున్న వైరు ఒకటి చేసుకుంటే ఒక కొస జనరేటర్‌కి, ఇంకోటి గోడ సాకెట్‌కి. ఇల్లంతా వెలుగుతుంది. చేంజోవర్ స్విచ్ అని ఎలక్ట్రీషియన్లు డబ్బు గుంజుతారు, అక్కర్లేదు. నేను ఏళ్ల తరబడి ఇలాగే నడుపుతున్నా.

స్తంభంమీద
కొత్తకాపు గారూ, పై సలహా దయచేసి పాటించకండి. చదువుతుంటే నాకు చేతులు వణికాయి.

నేను లైన్ మీద పనిచేసి రిటైరయినవాణ్ని. తుఫాను తర్వాత తెగిన తీగలు కట్టడానికి పైకి ఎక్కేది మేమే. సాకెట్‌లోంచి ఎక్కించిన మీ జనరేటర్ కరెంటు వెనక్కి నడిచి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏ వైపు నుంచి ఇచ్చినా ఒకటే. అవతలి వైపు అదే కరెంటు వేల వోల్టులై వస్తుంది. లైను చచ్చిపోయిందనుకుని పైన చేయి వేసినవాడు కిందికి ప్రాణంతో రాడు. ఎంత పెద్ద జనరేటర్ అన్నది ప్రశ్నే కాదు.

చేతిపని
మెయిన్ ఆఫ్ చేస్తే వెనక్కి ఎలా పోతుంది? ఆ మాత్రం తెలియకుండా నడుపుతామా? భయపెట్టడం తేలిక.

స్తంభంమీద
మీరు ఆఫ్ చేస్తారు. మీరు ఇంట్లో లేనప్పుడు? చీకట్లో, వానలో, గాబరాలో మీ పిల్లవాడు వైరు ముందు గుచ్చి మెయిన్ తర్వాత గుర్తు చేసుకుంటే? పైగా గోడలోంచి ఆ కొస ఊడి కిందపడితే ఆ పిన్నుల్లో కరెంటు ఉంటుంది, ఎవరి కాలికో తగులుతుంది. చేంజోవర్ స్విచ్‌లో వీధి కరెంటు, జనరేటర్ రెండూ ఒకేసారి కలిసే వీలే ఉండదు. మనిషి మరిచిపోయినా స్విచ్ మరిచిపోదు. అది వద్దనుకుంటే జనరేటర్‌కి నేరుగా ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి ఫ్రిజ్ ఒకటి, లైట్లు రెండు నడుపుకోండి. ఇంటి వైరింగ్ జోలికి పోకండి.

చేతిపని
మీ డిపార్ట్‌మెంట్ వాళ్లు సరిగ్గా పనిచేస్తే మాకు జనరేటర్లే అక్కర్లేదు.

స్తంభంమీద
ఆ మాట తెగిన తీగ కింద నిలబడి అనండి. ఇంక మీకు జవాబు చెప్పను.

పాతబ్యాటరీ
ఇద్దరూ శాంతించండి. స్తంభంమీద గారి మాటే నిజం, అందులో వాదన లేదు. ఇంకోటి ఎవరూ అనలేదు: జనరేటర్ తడుస్తుందని వరండాలోకి, వంటగది పక్కకి తెస్తారు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు. నిద్రలోనే పోతారు. ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, కిటికీల వైపు పొగ రాకుండా పెట్టాలి. కిటికీ తెరిచాం కదా అంటే కుదరదు.

నేనైతే ఇన్వర్టరే అంటాను. కానీ లెక్క వేసుకుని కొనండి. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి చేతికొచ్చేది 900. ఇన్వర్టర్ కూడా కొంత తినేస్తుంది. 75 వాట్ల ఫ్యాను రెండు వేస్తే 6 గంటల లోపే అయిపోయింది. అదే తక్కువ కరెంటు తినే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే రాత్రంతా వస్తుంది. బ్యాటరీ పెంచే ముందు ఫ్యాన్లు మార్చండి. ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, పడకగదిలో పెట్టకండి.

ఎండపలక
నా కడుపుమంట ఒకటి చెప్పాలి. ఇంటి మీద నిండా సోలార్ పలకలు. తుఫాను వెలిసిన మర్నాడు ఫెళ్లున ఎండ కాస్తోంది, ఇంట్లో మాత్రం చీకటి! గ్రిడ్‌కి కలిపే ఇన్వర్టర్ వీధిలో కరెంటు పోగానే తనూ ఆగిపోతుందట. బిగించినవాడు ముందు ఒక్క ముక్క చెప్పలేదు. బ్యాటరీతో విడిగా నడిచే హైబ్రిడ్ రకమే కొనండి.

స్తంభంమీద
అది ఆగేది కూడా మా కోసమేనండీ, ఆ కరెంటు వీధి తీగలోకి రాకూడదని. చెప్పకుండా అమ్మడం మాత్రం అన్యాయం.

కొత్తకాపు
అందరికీ ధన్యవాదాలు. చేంజోవర్ స్విచ్ ఖాయం చేశాను. ఇన్సులిన్ గురించి ఎవరైనా..?

గాదె
ధాన్యం గురించి అడిగారు కదా. పురుగు ఎప్పుడూ బయటినుంచే రాదు, చాలాసార్లు గుడ్డు గింజలోనే ఉంటుంది. బాగా ఎండబెట్టిన గింజల్ని గాలి చొరని సంచిలో కట్టి మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులుంచండి. బయటికి తీశాక సంచి విప్పకుండా మామూలు వేడికి రానివ్వాలి, లేకపోతే చెమ్మ పట్టి బూజొస్తుంది. తర్వాత మూత గట్టిగా పట్టే డబ్బాలో ఆక్సిజన్ పీల్చే పొట్లం వేసి మూసేయండి.

మూడుమడులు
అంత తంతు ఎందుకు? గోదాముల్లో వాడే మందు బిళ్ల ఒకటి గుడ్డలో చుట్టి పడేస్తే సరి.

గాదె
వద్దు. వద్దు. వద్దు. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. దానికి విరుగుడు లేదు. పిల్లలు పడుకునే ఇంట్లో ఆ బిళ్ల పెట్టడమంటే ఏమిటో మీకు తెలుసా? ఈ పోస్టు తీసేయండి.

మాత్రలపెట్టె
ఇన్సులిన్ ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు, నాకు బాధేసింది. మా ఇంట్లోనూ వాడతాం. వాడుతున్న సీసా చాలా రకాలకి 30 డిగ్రీల లోపు 28 రోజుల దాకా బయట ఉండొచ్చు. మీ రకానికి ఎంతో లోపలి కాగితంలో రాసి ఉంటుంది, చూసుకోండి. తెరవని సీసాలకి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. తలుపు తీయకపోతే ఫ్రిజ్ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లదనం నిలుపుతాయి. ఆ తర్వాత ఐస్ డబ్బాలో పెట్టండి, కానీ సీసా ఐసుకి ఆనకూడదు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. సూదులు, స్ట్రిప్పులు కూడా దాచండి, ఇన్సులిన్ ఉండి సూది లేకపోతే ఏం లాభం. డాక్టరుతో ముందే మాట్లాడి నెల సరుకు అదనంగా రాయించుకోండి.

మూడుమడులు
నేలమీద తిండి సంగతికి రండి. మేం మూడు మడుల్లో కూరగాయలు వేసి స్వయంసమృద్ధి సాధించాం. బజారు మొహం చూడం.

పాతబ్యాటరీ
కూరగాయలు కొనకపోవడం వేరు, కడుపు నిండటం వేరు. మనిషికి రోజుకి 2,000 కేలరీలనుకుంటే ఏడాదికి 7,30,000. కిలో టమాటాకి వచ్చేది 180. చిలగడదుంపకి 860 దాకా వస్తాయి, అయినా ఒక్క మనిషికే ఏడాదికి దాదాపు 850 కిలోలు కావాలి. ముందు దుంపలు వేయండి, తర్వాత గింజలు, మడుల్లో కూరలు చివర.

మూడుమడులు
తిండిని లెక్కలతో కొలిచేవాళ్లు నేల ముట్టరు. మా కూరలు సీసాల్లో మరిగించి పెట్టుకుంటాం, ఏడాదంతా వస్తాయి.

మాత్రలపెట్టె
ఆ సీసాలు జాగ్రత్తండీ. పులుపు లేని కూరల్లో బొటులిజం అనే ప్రాణాంతక విషం పుట్టించే క్రిమి బీజాలు 100 డిగ్రీల మరుగుకి చావవు. ఒత్తిడితో 116 డిగ్రీలు దాటాలి. ఎండబెట్టుకోవడం సుళువు.

వానచినుకు
నీళ్లకోసం ఏడవకుండా ఇంటి కప్పు మీద పడే వాన నీళ్లు పట్టండి. చదరపు మీటరు కప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. 100 చదరపు మీటర్ల ఇంటికి 10 మిల్లీమీటర్ల వానకే 1,000 లీటర్లు, ఆవిరీ చిందులూ పోనూ 800 చేతికొస్తాయి.

నీటిబొట్టు
రెట్టలు, ఆకులు, దుమ్ము అంతా అందులోనే కదా? పిల్లలకి అవి పట్టిస్తారా?

వానచినుకు
మొదటి నీళ్లు తొట్టిలోకి పోనివ్వం. దిగే పైపు పక్కన మూతున్న నిలువు గొట్టం పెడతాం. చదరపు మీటరుకి అర లీటరు చొప్పున మురికి నీళ్లు ముందు అందులో నిండుతాయి, తర్వాత వచ్చేవే తొట్టిలోకి. తాగేముందు మళ్లీ మీ మరిగించడమే. ఆస్బెస్టాస్ రేకులో, సీసం కలిసిన పాత రంగో ఉంటే మాత్రం ఆ నీళ్లు మొక్కలకీ, మరుగుదొడ్డికే. ఇంకోటి, వాన వెలిశాక ఆ గొట్టం అడుగు మూత విప్పి ఖాళీ చేయాలి. చేయకపోతే తర్వాతి వానకి మురికంతా నేరుగా తొట్టిలోకే వెళ్తుంది.