నాయకుల ఆత్మకథలు చదివేటప్పుడు ఎవరి మాటను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న

కొన్ని నెలలుగా రాజకీయ నాయకుల ఆత్మకథలు, జీవిత చరిత్రలు వరుసగా చదువుతున్నాను. ఒక పుస్తకం చదువుతున్నంతసేపూ న్యాయమంతా ఆ నాయకుడి వైపే ఉన్నట్లు అనిపిస్తుంది. మరో పుస్తకం తెరవగానే అదే సంఘటనలో అదే మనిషి తప్పు చేసినవాడిగా కనిపిస్తాడు. భారతదేశానికి అధికారం అప్పగించే పద్ధతి గురించి బ్రిటిష్ మంత్రుల బృందం ప్రతిపాదించిన 1946 నాటి క్యాబినెట్ మిషన్ ప్రణాళిక ఎందుకు విఫలమైందన్న విషయంలో నేను చదివిన మూడు పుస్తకాలు మూడు వేర్వేరు కారణాలు చెప్పాయి. మూడింటినీ రాసినవారు ఆ రోజుల్లో ఆ వ్యవహారానికి దగ్గరగా ఉన్నవారే. అలాంటప్పుడు ఆత్మకథలను పక్కన పెట్టి చరిత్రకారులు రాసినవే చదవాలా, లేక ఆత్మకథలను చదవడానికి వేరే పద్ధతి ఏదైనా ఉందా? చదివింది గుర్తుంచుకోవడం నాకు కష్టం కావడం లేదు, దాని బరువెంతో తూచుకోవడమే తెలియడం లేదు. అనుభవం ఉన్న పాఠకులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం

ఆత్మకథలను పక్కన పెట్టవద్దని నా మనవి. ఆత్మకథ ఒక సాక్షి ఇచ్చిన వాంగ్మూలం లాంటిది. ఆ సాక్షి ఎక్కడ నిలబడి చూశాడు, ఎన్నేళ్ల తరువాత చెప్పాడు, చెప్పేనాటికి ఆయనకు మిగిలిందేమిటి, పోయిందేమిటి అన్నవి తెలిసినప్పుడే దానికి విలువ కట్టగలం.

మీరు ఎత్తిన క్యాబినెట్ మిషన్ సంగతినే తీసుకుందాం. ఆ చర్చలు జరిగినన్నాళ్లూ కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్నది మౌలానా ఆజాద్. 1946 జూలైలో ఆ పదవి నెహ్రూకు వచ్చింది. జూలై 10న బొంబాయిలో పత్రికలవారితో మాట్లాడుతూ నెహ్రూ, రాజ్యాంగ సభలోకి వెళ్లడానికి తప్ప మరి దేనికీ కాంగ్రెస్ కట్టుబడలేదన్న అర్థంలో చెప్పిన మాటలు ముస్లిం లీగ్‌కు ఆయుధమయ్యాయనీ, ఆ నెలాఖరుకే లీగ్ ప్రణాళికకు తన అంగీకారాన్ని వెనక్కి తీసుకుందనీ ఆజాద్ తన ఆత్మకథ ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’లో చెప్పిన కథనం. ఈ ఒక్క పుస్తకమే చదివితే దేశ విభజనకు ఒక పత్రికా సమావేశమే కారణమని నమ్మేస్తాం. అయితే మే 16న వెలువడిన ప్రణాళికలోనే రాష్ట్రాలను మూడు వర్గాలుగా కూర్చే అంశం ఉంది. అలా కూడడం రాష్ట్రాల ఇష్టానికి వదిలినదని కాంగ్రెస్, తప్పనిసరి అని లీగ్ మొదటి నుంచీ వేర్వేరుగా అర్థం చేసుకున్నాయి. ఆ అంశాన్ని పక్కన పెట్టుకుని చదివితే, అప్పటికే ఉన్న పగులు నెహ్రూ మాటలతో బయటపడిందన్న అభిప్రాయానికి వస్తాం. నేను ఈ రెండో అభిప్రాయం వైపే మొగ్గుతాను.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ పుస్తకాన్ని ఆజాద్ స్వయంగా ఇంగ్లీషులో రాయలేదు. ఆయన ఉర్దూలో చెబుతుంటే హుమాయూన్ కబీర్ ఇంగ్లీషులో కూర్చారు. 1958 ఫిబ్రవరిలో ఆజాద్ కన్నుమూశారు, పుస్తకం 1959లో వచ్చింది. అందులో సుమారు ముప్పై పేజీలను సీలు వేసి భద్రపరచి, 1988లో గానీ బయటపెట్టలేదు. అంటే దాదాపు మూడు దశాబ్దాల పాటు పాఠకులు చదివింది అసంపూర్ణమైన పుస్తకాన్ని. అందుకే ఎవరైనా ఆ పుస్తకాన్ని ఉదహరించినప్పుడు నేను మొదట చూసేది అది ఏ సంవత్సరపు ముద్రణ అన్నదే.

కావాలని దాచకపోయినా రాయలేని విషయాలు కూడా ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం గురించి చర్చిల్ ఆరు సంపుటాలు రాశారు. మొదటిది 1948లో వచ్చింది. జర్మన్ల రహస్య సంకేతాలను బ్రిటిష్ వారు ఛేదించిన వృత్తాంతం 1974 దాకా ప్రభుత్వ రహస్యంగానే ఉండిపోవడం వల్ల, యుద్ధ నిర్ణయాల వెనుక ఉన్న అతి ముఖ్యమైన ఆధారం ఆ సంపుటాలలో కనిపించదు. కాబట్టి పుస్తకం రాసేనాటికి ఏ దస్తావేజులు తెరుచుకున్నాయో చూడాలి. బ్రిటన్‌లో ప్రభుత్వ పత్రాలను తెరిచే గడువును 1967 చట్టం యాభై ఏళ్ల నుంచి ముప్పై ఏళ్లకు తగ్గించింది. బ్రిటిష్ వారి నుంచి భారతదేశానికి అధికారం చేతులు మారడానికి సంబంధించిన 1942-47 నాటి అధికార బదలాయింపు పత్రాలు 1970 నుంచి 1983 వరకు పన్నెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. విభజన మీద ఆ సంపుటాలకు ముందు వచ్చిన పుస్తకాన్నీ, తరువాత వచ్చిన పుస్తకాన్నీ ఒకే కొలతతో కొలవడం రచయితలకు అన్యాయం చేయడమే అవుతుంది.

రెండో సమాధానం

పై మిత్రులు చెప్పినదంతా ఒప్పుకుంటూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. ఆత్మకథను సాక్ష్యంగా మాత్రమే చదివితే అందులోని మనిషిని పోగొట్టుకుంటాం. నెహ్రూ తన ఆత్మకథలో ఎక్కువ భాగాన్ని 1934-35లో జైలులో రాశారు, తన కథనం ఏకపక్షమైనదని ముందుమాటలోనే హెచ్చరించారు. ఆ పుస్తకంలో నాకు విలువైనది స్వాతంత్ర్యం వస్తుందో రాదో తెలియని కాలంలో ఒక నాయకుడికి కలిగిన సందేహం. 1947 తరువాత రాసి ఉంటే ఆ సందేహం అదే రూపంలో నిలిచేది కాదు. అలాగే టంగుటూరి ప్రకాశం పంతులు గారి ఆత్మకథలో తొలి భాగాల గొంతు వేరు, ఆయన సహచరుడు తెన్నేటి విశ్వనాథం గారు రాసిన నాలుగో భాగం గొంతు వేరు. ఆ తేడాను పోల్చుకుంటూ చదవడం నాకు ఎంతో నేర్పింది.

అయినా ప్రశ్న వేసినవారికి ఒక తోడు పుస్తకం అవసరం. నాయకులు ఆ రోజున ఏమన్నారో అక్షరబద్ధమై ఉన్నది రాజ్యాంగ సభ చర్చలలో. 1946 డిసెంబర్ 9న మొదలైన ఆ సభ చర్చలు అచ్చులో దొరుకుతాయి. 1949 నవంబర్ 25న అంబేద్కర్ చేసిన ప్రసంగాన్ని తప్పక చదవండి. మతంలో భక్తి ఆత్మకు మోక్షమార్గం కావచ్చు గానీ, రాజకీయాలలో వ్యక్తిపూజ పతనానికీ చివరకు నియంతృత్వానికీ దారి తీస్తుందని ఆయన ఆనాడే చెప్పారు. నాయకుల జీవిత చరిత్రలు చదివే ప్రతి ఒక్కరికీ ఈ మాట అవసరం.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. నేను ఇంతవరకు నాయకుడి తరువాత నాయకుడిని ఎంచుకుంటూ చదివాను, అందుకే ప్రతిసారీ పాత నాయకుడిని వదిలి కొత్తవాడి పక్షాన చేరిపోతున్నానని ఇప్పుడు అర్థమైంది. ఇక మీదట సంఘటనను ఎంచుకుని, దాని మీద రెండు మూడు పుస్తకాలను కలిపి చదువుతాను. ఒక చిన్న సందేహం: ఇలా చదివేటప్పుడు మీరు ఏమైనా రాసిపెట్టుకుంటారా?

మొదటి సమాధానం రాసినవారు

రాసిపెట్టుకుంటాను. నోటుపుస్తకంలో ప్రతి పేజీని మూడు వరుసలుగా విభజించి, మొదటి దానిలో సంఘటన జరిగిన తేదీ, రెండో దానిలో రచయిత దాని గురించి రాసిన సంవత్సరం, మూడో దానిలో ఆ రోజున రచయిత ఉన్న చోటు వేస్తాను. మూడో వరుసలో చాలాసార్లు ‘అక్కడ లేరు, తరువాత విన్నారు’ అని రాయవలసి వస్తుంది. మీరు చదివిన ఆ మూడు పుస్తకాలకూ జూలై 10 నాటి సమావేశం దగ్గర ఈ మూడు వరుసలు నింపి ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.