20 ఎంఎం ప్లేటు పగులుకు రాడ్ వెల్డింగా, మిగ్గా?

కరీంనగర్ క్వారీ: గ్రానైట్ క్వారీల నడిచే ప్రొక్లెయిన్ బూమ్ (పెద్ద చెయ్యి) అడుగు ప్లేటు జానెడు పొడుగు పగిలింది. మందం 20 ఎంఎం. 400 ఆంప్స్ ఇన్వర్టర్ రాడ్ మిషన్, 250 ఆంప్స్ మిగ్ (గ్యాస్ తోటి తీగ వెల్డింగ్) రెండూ ఉన్నయి. పని బయటనే చేయాలె. ఇంతకుముందు 6013 రాడ్‌తో కొడితే వెల్డింగ్ బానే ఉంది, దాని పక్కపొంటి ప్లేటు పగిలింది. ఎందుకన్నా?

మడికొండ వెల్డర్: 6013 పూతల తేమ ఎక్కువ. ఆ తేమ హైడ్రోజనై ప్లేటులకు దిగుతది. మందం ప్లేటు వేడిని గబుక్కున గుంజుకుంటది, వెల్డింగ్ అంచు పెళుసైతది. అందుకే పక్కపొంటి పగులు, అదీ ఒక్కోసారి రెండు రోజులకు.

తేమ తక్కువుండే 7018 రాడ్ వాడు. డీసీ, హోల్డర్ పాజిటివ్‌కు. తెరిచిపెట్టిన డబ్బా అయితే రాడ్లను 300–350 డిగ్రీల ఓవెన్‌ల గంటసేపు కాల్చాలె. ఎండల ఆరబెడితే ఏం లాభం లేదు.

మిగ్ అక్కడ వద్దు. గాలికి గ్యాస్ ఎగిరిపోయి వెల్డింగ్ గుల్లబారుతది. కరెంటు తక్కువ పెడితే ఇంకా మోసం: పైకి నున్నగ కనిపిస్తది, లోపల అతుకదు.

గోదావరిఖని ఫిట్టర్: రాడ్ మార్చుడొక్కటే సరిపోదు తమ్మీ. కంటికి కనిపించే కొసకాడ పగులు ఆగదు. పగులు చూపించే ఎర్ర డై కొట్టి అసలు కొస పట్టు, అది దాటినంక 8 ఎంఎం బెజ్జం వెయ్యి. పగులు పూర్తిగ పోయేదాంక గ్రైండర్‌తో 60 డిగ్రీల వీ గాడి తియ్యి. అడుగున 3 ఎంఎం సందు, లోపలికి చెయ్యి పోకపోతే వెనక 6 ఎంఎం పట్టీ.

గాడికి రెండు దిక్కుల 75 ఎంఎం మేర 100–120 డిగ్రీల దాంక గ్యాస్ మంటతో వేడిచెయ్యి. టెంపరేచర్ చాక్‌తో (వేడికి కరిగే సుద్ద) చూడు, చేతి అందాజ వద్దు. మొదటి పాస్ (వరుస) 3.15 ఎంఎం రాడ్, 110–120 ఆంప్స్. పైన 4 ఎంఎం, 150–170 ఆంప్స్. సన్న గీతలు కొట్టు, అడ్డంగ ఊపకు. ప్రతి పాస్‌కు స్లాగ్ (పైన పేరే పెంకు) మొత్తం పోవాలె. మధ్యల చల్లారనియ్యకు, 250 డిగ్రీలు దాటనియ్యకు. అయిపోయినంక గ్లాస్‌వూల్ కప్పు. నీళ్లు పోసినవా, పని మళ్ల మొదటికే.

కరీంనగర్ క్వారీ: పైనుంచి చదరం ప్లేటు అతికిస్తే బలం కాదా?

గోదావరిఖని ఫిట్టర్: కాదు. అడ్డంగ పడ్డ అంచు కాడ్నే కొత్త పగులు మొదలైతది. తప్పదంటే కొసలు సన్నగ, చేప ఆకారంల కోసి పెట్టు. అసలు వెల్డింగ్‌ను మాత్రం బూమ్ పొడుగునే గ్రైండ్ చేసి చదును చెయ్యి.

మడికొండ వెల్డర్: షెడ్డుల పనైతే మిగ్‌లనే 1.2 ఎంఎం ఫ్లక్స్ వైరు (లోపల పొడి నింపిన తీగ), 220–240 ఆంప్స్, సీఓ2 గ్యాస్: రాడ్ కన్న జల్ది అయితది. 250 మిషన్ ఆగకుండ గుంజదు, డ్యూటీ సైకిల్ (పది నిమిషాల్ల ఎంతసేపు నడపొచ్చో) చూసుకో.

ఇంకోటి, బ్యాటరీ తీగలు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) కనెక్టర్ ముందే పీకు. ఎర్త్ క్లాంప్ పగులు పక్కనే పెట్టు. ట్రాక్ కాడ పెడితే కరెంటు బేరింగుల్లకెళ్లి పోయి వాటిని కాలుస్తది.