నీ తల వెయ్యి వక్కలా, వెయ్యి వ్రక్కలా?

కావలి సభ్యురాలు:
వేసవి సెలవులకు వచ్చిన పిల్లలు రాత్రి మిద్దె మీద పడుకుని, మంత్రాలూ మాయలూ ఉండే నవలల్లో ఎవరికి ఏ పాత్ర ఇష్టమో చెప్పుకుంటున్నారు. ఒకడికి తెల్లగడ్డం మాంత్రికుడు, ఒకతెకు రెక్కల గుర్రం మీద తిరిగే పిల్ల. నన్నూ అడిగారు. బేతాళుడు అన్నాను. ఎవరు, ఏమిటి అని వెంటబడితే కథ మొదలుపెట్టాను. చెట్టు, శవం, భుజం, మౌనం అన్నీ వరసగా వచ్చాయి. తీరా బెదిరింపు దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగింది. "సమాధానం తెలిసీ చెప్పకపోయావో, నీ తల వెయ్యి..." వక్కలా, వ్రక్కలా? అమ్మమ్మ నోట నేను విన్నది వక్కలే. తల పగిలి వెయ్యి పోకచెక్కలై నేల మీద దొర్లుతుందని చాలా ఏళ్లు నమ్మాను. తరువాత ఎక్కడో ర వత్తుతో చదివిన గుర్తు. ఏది సరి? అసలు ఈ వాక్యం ఏ పుస్తకంలోది?

పొదిలి మాస్టారు:
వ్రక్కలే అమ్మా. వ్రక్క అంటే తునక, వ్రచ్చడం అంటే చీల్చడం. మన ఎర్రన నృసింహ పురాణం తెరిచి, స్తంభం నుంచి స్వామి వెలువడిన తరువాతి ఘట్టం పైకి చదువుకోండి. హిరణ్యకశిపుడి రొమ్ము చీల్చే ఆ గోళ్లకు వ్రచ్చడం అన్న మాట తప్ప మరొకటి ఆనదు. వత్తు వాడుకలో జారిపోయింది, అంతే. ప్రొద్దు పొద్దు అయింది, క్రొత్త కొత్త అయింది, మ్రాను మాను అయింది. వ్రక్క వక్క అయింది.

ఒంగోలు సభ్యుడు:
మాస్టారూ, మీరు చూపినవన్నీ పకారం, కకారం, మకారం మీద వత్తులు. వకారం తీరు వేరు. వ్రాయు రాయు అయింది, వ్రాత రాత అయింది. అక్కడ పోయింది వకారం, నిలిచింది రేఫ, అంటే ర. ఆ లెక్కన వ్రక్క రక్క కావాలి కదా?

పొదిలి మాస్టారు:
వ్రేలు వేలు కాలేదా? వ్రేటు వేటు కాలేదా?

ఒంగోలు సభ్యుడు:
అయ్యాయి. కానీ అచ్చు చూడండి. ఏకారం ముందు రేఫ పోయింది, ఆకారం ముందు వకారం పోయింది. వ్రక్కలో ఉన్నది అకారం. అది రాత వైపు నడవాలి గానీ వేలు వైపు కాదు. కాబట్టి వక్క అన్నది వ్రక్క అరిగి పుట్టిన మాట కాదని, మొదటి నుంచీ వేరే మాటని నా నమ్మకం.

పొదిలి మాస్టారు:
వ్రాలు సంగతి ఏమిటి? పక్షి కొమ్మ మీద వ్రాలింది అని మా గురువులు రాసేవారు, ఇప్పుడు అందరమూ వాలింది అంటున్నాం. వ్రాలులో ఉన్నది ఆకారమే, పోయింది రేఫే. మీ సూత్రం ఈ ఒక్క మాట ముందు నిలవదు.

ఒంగోలు సభ్యుడు:
వ్రాలు గుర్తు రాలేదు, ఒప్పుకుంటున్నాను. సూత్రాన్ని మళ్లీ ఆలోచించుకుంటాను, వదిలిపెట్టను.

నెల్లూరు మూలాపేట సభ్యురాలు:
ఇద్దరూ వత్తు పట్టుకుని అసలు వస్తువును వదిలేశారు. తాంబూలంలోని వక్కకు ఆ పేరు ఎలా వచ్చిందో ఎవరైనా ఆలోచించారా? దాన్ని కత్తిరించే సాధనం అడకత్తెర. అందులో మొదటి సగం అడక, కన్నడంలో అడకె అంటే పోక. పాత పేరు పనిముట్టులో దాగి మిగిలిపోయింది. పోక అన్న పేరు కూడా మనకు ఉంది. రెండు పేర్లు ఉండగా మూడోది ఎందుకు? కాయ అడక, కాయ పోక. దాన్ని అడకత్తెరలో పెట్టి ముక్కలు చేస్తే వచ్చేవి వ్రక్కలు. ముక్క పేరే చివరికి వస్తువు పేరు అయింది. పోకచెక్క అన్నప్పుడు చెక్క కూడా ముక్కే. కాబట్టి కావలి అక్క చిన్నప్పుడు పొరపాటు పడలేదు. తల వెయ్యి వక్కలవడమూ, పోకకాయ వక్కలవడమూ ఒకే మాట. దీన్ని ఏ నిఘంటువులోనూ చూసి చెప్పడం లేదు. మా ఇంట్లో అడకత్తెర పట్టుకున్న చేతులను చూసి చెబుతున్నాను.

పొదిలి మాస్టారు:
అందంగా ఉంది తల్లీ. అందంగా ఉన్న వ్యుత్పత్తులను చూస్తేనే నాకు భయం. కాయను కోయకముందు కూడా వక్క అనే అంటారు, చెట్టును వక్కచెట్టు అంటారు.

నెల్లూరు మూలాపేట సభ్యురాలు:
పేరు ఒకసారి స్థిరపడ్డాక చెట్టుదాకా పాకడానికి ఎంతసేపు మాస్టారూ?

సూళ్లూరుపేట సభ్యుడు:
మేము తడ దాటితే తమిళం వినే వాళ్లం, ఒక మాట చెబుతాను. తమిళంలో ఏదైనా పగిలి పొడి అయితే 'సుక్కు నూరు' అయింది అంటారు. సుక్కు అంటే తునక, సుక్కు అంటే సొంఠి కూడా. నూరు అంటే వంద. తునకకూ, వంటింటి డబ్బాలో ఉండే సరుకుకూ అక్కడా ఒకే పేరు. వాళ్లకు సొంఠి, మనకు పోకచెక్క. ఇది కాకతాళీయమని నేను అనుకోలేను. మూలాపేట అక్క చెప్పినదానికి నా వంతు బలం.

ఒంగోలు సభ్యుడు:
నూరు అన్నారు, అక్కడ ఆగాలి. మనది వెయ్యి ఎందుకైంది? వాల్మీకి యుద్ధకాండలో పుంజికస్థల అనే అప్సరస విషయంలో బ్రహ్మ రావణుడికి ఇచ్చిన శాపంలో తల 'శతధా' పగులుతుంది, అంటే నూరు. ఉత్తరకాండలో రంభ కోసం నలకూబరుడు ఇచ్చిన శాపంలో 'సప్తధా', అంటే ఏడే. ఒకే రావణుడి తలకు రెండు లెక్కలు. వెయ్యి అన్నది తెలుగువాడు వేసుకున్న లెక్క అనిపిస్తోంది. వెయ్యి, వక్క రెండూ వకారంతో మొదలై నోటికి ఒదుగుతాయి. నూరు వక్కలు అని చూడండి, పలుకు చప్పబడిపోతుంది.

పొదిలి మాస్టారు:
వేయి వ్రక్కలు అన్నా ఆ ఒదుగు ఉంటుంది. వత్తు అడ్డురాదు.

కందుకూరు సభ్యుడు:
తల పగలడం అంతకన్నా పాతది. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు గార్గితో, ఇంకా అడిగితే నీ తల రాలిపోతుంది, అతిగా అడగవద్దు అంటాడు. తరువాత శాకల్యుడికి అదే బెదిరింపు. జవాబు చెప్పలేక అతడి తల నిజంగానే రాలింది. అక్కడ తెలియనివాడికి శిక్ష. బేతాళుడు దాన్ని తిరగేశాడు. తెలియనివాణ్ని ఏమీ అనడు, తెలిసి దాచినవాణ్నే పట్టుకుంటాడు. వక్కలు, వ్రక్కలు అని పొద్దున్నుంచీ వాదించుకుంటున్నారు గానీ ఆ వాక్యంలో ప్రాణం ఉన్న అక్షరం 'తెలిసీ'లో దీర్ఘం. తెలిసి చెప్పకపోతే అంటే మామూలు మాట. తెలిసీ అనగానే అది నేరారోపణ.

ఇక మా ఎర్రన. అరణ్యపర్వశేషంలో యక్షప్రశ్నలు రాసింది ఆయనే. నలుగురు తమ్ముళ్లు మడుగు ఒడ్డున పడి ఉండగా ధర్మరాజు ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు చెబుతాడు. ఒక్కణ్ని బతికిస్తానంటే భీముణ్నీ అర్జునుణ్నీ కాదని నకులుణ్ని అడుగుతాడు. యక్షుడు దాహాన్ని ఎరగా పెట్టి అడిగాడు, బేతాళుడు ప్రాణభయాన్ని పెట్టి అడిగాడు. పాత్రను ప్రశ్నతో పరీక్షించడం ఈ నేల మీద గుడ్లూరులో పుట్టిన విద్య అని చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

ఒంగోలు సభ్యుడు:
గుడ్లూరు అనండి, అద్దంకి కూడా అనండి. ప్రోలయ వేమారెడ్డి కొలువు లేకపోతే హరివంశం ఎక్కడిది? ఎర్రన ప్రకాశం జిల్లా కవి.

కందుకూరు సభ్యుడు:
1970కి ముందు మా కందుకూరు నెల్లూరు జిల్లాలోదే. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మళ్లీ అటే పోయాం. ఎర్రన నాటికి ఈ గీతలు లేవు, ఉన్నది పాకనాడు. ఆ మాట అందరికీ సరిపోతుంది.

నెల్లూరు మూలాపేట సభ్యురాలు:
అద్భుత కథల్లో పాత్రలంటూ నెల్లూరును పక్కన పెట్టడం న్యాయం కాదు. కేతన దశకుమార చరిత్రను అంకితమిచ్చింది మా తిక్కనకు. అందులో కథానాయకుడైన రాజవాహనుణ్ని బిలం గుండా పాతాళానికి తోడుకుపోయిన మాతంగుణ్ని తలుచుకోండి. కిరాతుల మధ్య బతికి, చచ్చి యమలోకం చూసి తిరిగి వచ్చి, చివరికి పాతాళంలో అసురకన్యను పెళ్లాడి రాజైనవాడు. అంతటి పాత్రకు అక్కడ దక్కిన చోటు చాలా కొంచెం. నాకు ఆ కొరత ఎప్పటికీ తీరదు.

సూళ్లూరుపేట సభ్యుడు:
నా ఓటు చందమామ ధారావాహికలకు. మాయాసరోవరంలో సిద్ధసాధకుడు. రచయిత దాసరి సుబ్రహ్మణ్యం పేరు కూడా వేయకుండా నెలనెలా వచ్చేవి. వీరుడు జయశీలుడైనా గుర్తుండేది సిద్ధసాధకుడే, ఎందుకంటే అతడు భయపడినా ముందుకు నడుస్తాడు. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మా ఇంట్లో కట్టిన పాత చందమామలు కొన్ని ఉన్నాయి. ఇప్పుడే తీసి నాలుగు బేతాళ కథలు చూశాను. నాలుగింటిలోనూ "నీ తల పగిలిపోతుంది" అనే ఉంది. వెయ్యీ లేదు, వక్కా లేదు, వ్రక్కా లేదు.

కావలి సభ్యురాలు:
ఇదేమిటి! నేను అక్కడే చదివానని అనుకుంటున్నాను ఇన్నాళ్లూ.

పొదిలి మాస్టారు:
అందులో వింత లేదమ్మా. పత్రికలో ఉన్నది పగిలిపోతుంది. చదివి వినిపించిన పెద్దవాళ్లు తమకు తెలిసిన పాతమాటను అతికించారు. మనం గుర్తుపెట్టుకున్నది అతుకునే.

ఒంగోలు సభ్యుడు:
అయితే ఆ అతుకు వేసింది పండితుడా, తాంబూలం వేసుకునే ముసలమ్మా అన్నది తేలితే వత్తు సంగతి తేలుతుంది.

కందుకూరు సభ్యుడు:
తేలకపోయినా బేతాళుడు చెక్కుచెదరడు. కథాసరిత్సాగరంలో చివరి కథ చూడండి. ఒక తల్లీ కూతుళ్లలో కూతురిని ఒక తండ్రీ, తల్లిని అతడి కొడుకూ పెళ్లాడితే వాళ్ల పిల్లల మధ్య వరస ఏమిటి? రాజుకు నిజంగా తెలియదు. మాట్లాడకుండా నడుస్తాడు. తల పగలదు. అప్పుడే బేతాళుడు మెచ్చుకుని, శవం తెమ్మని రాజును పంపిన భిక్షువు పన్నాగం బయటపెట్టి, వాణ్ని ఎలా చంపాలో చెబుతాడు. ఆ రాత్రి ఆట అంతటిలోనూ మొదట పెట్టిన షరతును ఒక్క అక్షరం తప్పలేదు. అతడికి సొంత ఒళ్లు లేదు, ముఖం లేదు, ఎవరిదో శవంలో ఉన్న గొంతు మాత్రమే. అయినా మాటమీద నిలబడ్డాడు. నాకు అతడు గుర్తుండేది అందుకు. వీరుడు విక్రమార్కుడే కావచ్చు, మర్యాద మాత్రం శవంలో ఉన్నవాడిది.

నెల్లూరు మూలాపేట సభ్యురాలు:
రాజు పరిస్థితి చూడండి. నోరు విప్పితే శవం పోతుంది, మూస్తే తల పోతుంది. దీన్ని తెలుగులో ఏమంటారు? అడకత్తెరలో పోకచెక్క. మళ్లీ వక్క దగ్గరికే వచ్చాం. మాస్టారూ, ఇప్పటికైనా ఒప్పుకోండి.

పొదిలి మాస్టారు:
సామెతకు నమస్కారం. వత్తు మాత్రం వదలను. కావలి అమ్మా, ఒక్క సంగతి చెప్పండి. మీ అమ్మమ్మ మిగతా మాటల్లో ర వత్తు పలికేవారా? క్రింద అనేవారా, కింద అనేవారా?

కావలి సభ్యురాలు:
కింద అనే అనేది మాస్టారూ. పొద్దు, కొత్త, వేలు, అన్నీ వత్తు లేకుండానే. కానీ భారతం వినిపించేటప్పుడు ఆమె పలుకు మారేది, వత్తులన్నీ తిరిగి వచ్చేవి. బేతాళుడి కథ ఏ పలుకుతో చెప్పేదో ఎంత తలుచుకున్నా తెలియడం లేదు. కథ చెప్పేది రాత్రి భోజనాలయ్యాక, తాంబూలం వేసుకుని. ఆ మాట అనేసరికి బుగ్గన వక్క ఉండేది.