జంగిల్ కార్బైన్‌కి మ్యాగజైన్ పట్టడం లేదు, దయచేసి ఎవరైనా చెప్పండి

ఫ్రిస్కో తమ్ముడు:
పొద్దున తొమ్మిదికి మొదలెట్టాను, ఇప్పుడు ఒంటిగంట దాటింది. వేళ్లు గీసుకుపోయాయి. ఇంట్లో ఆవిడ అన్నానికి రెండుసార్లు పిలిచి ఇక ఊరుకుంది. పోయిన వారం డాలస్ దగ్గర గన్ షోలో జంగిల్ కార్బైన్ అనే పొట్టి సైనిక రైఫిల్ కొన్నాను. మూతి దగ్గర మంట కనిపించకుండా కప్పే గరాటాలాంటి ఫ్లాష్ హైడర్, పొట్టి చెక్క, బట్ వెనక రబ్బరు ప్యాడ్, అన్నీ బాగానే ఉన్నాయి. తూటాలు నింపే డబ్బా, అదే మ్యాగజైన్ ఒక్కటే లేదు. జంగిల్ కార్బైన్ అంటే నంబర్ 5 రైఫిలే కదా అని దాని మ్యాగజైన్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ముందు భాగం లోపలికి పోతోంది, వెనక లాచ్ పట్టదు. ఆకురాయితో కాస్త రాస్తే సరిపోతుందా? .303 తూటాలు రెండు పెట్టెలు కొని పెట్టుకున్నా. ఆదివారం రేంజ్‌కి వెళ్లాలి. టెన్షన్‌గా ఉంది.

కొలతల బాబాయ్:
ఆకురాయి కింద పెట్టు. గురి చూసే వెనక సైట్ ఎక్కడుంది?

పాత ఇనుము:
ముందు పేరు సంగతి తేలుద్దాం. జంగిల్ కార్బైన్ అన్నది బ్రిటిష్ సైన్యం పెట్టిన పేరు కాదు. వాళ్ల కాగితాల్లో అది రైఫిల్ నంబర్ 5 మార్క్ 1. 1944 నుంచి 1947 దాకా ఫజాకర్లీ ప్రభుత్వ కర్మాగారంలోనూ, షర్లీలో బీఎస్ఏ కంపెనీ వాళ్ల దగ్గరా చేశారు. బర్మా, మలయా అడవుల్లో మోయడానికి వీలుగా ఉండాలని అప్పటి నంబర్ 4 ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ని కురచ చేసి బరువు తగ్గించారు. గొట్టం మీదా, రిసీవర్ అనే మధ్య ఇనుప భాగం మీదా లోహం తొలిచేశారు. చివరికి తూటాని లోపలికి తోసే బోల్ట్ పిడి గుండుని కూడా లోపల గుల్ల చేశారు! యుద్ధం తర్వాత అమెరికాలో సైన్యం వదిలేసిన సర్‌ప్లస్ సరుకు అమ్మే వ్యాపారులు జంగిల్ కార్బైన్ అన్న పేరును బాగా వాడుకున్నారు. గోల్డెన్ స్టేట్ ఆర్మ్స్ లాంటి వాళ్లు మామూలు ఎన్‌ఫీల్డ్‌లను కోసి ఆ పేరుతో అమ్మారు. కాబట్టి తుపాకీ మీద జంగిల్ కార్బైన్ అని చెక్కి ఉంటే అది అసలుది కాదని అర్థం. తమ్ముడూ, నీ బోల్ట్ గుండు గుల్లగా ఉందా?

ఎం44 వీరాభిమాని:
ఇదంతా ఎందుకు బ్రదర్? రష్యన్ల మోసిన్ రైఫిల్ కొనుక్కోవాల్సింది. అందులో ఎం44 రకానికి పక్కకి మడిచే బయొనెట్ (మూతి దగ్గరి బాకు) తుపాకీకే అంటుకుని ఉంటుంది, విడిగా వెతుక్కునే పనే లేదు. బయొనెట్ అక్కర్లేదంటే ఎం38. చైనావాళ్ల టైప్ 53 కూడా ఎం44 నకలే. మ్యాగజైన్ ఊడదు కాబట్టి ఈ గోలా ఉండదు. ఒకప్పుడు వంద డాలర్లలోపే దొరికేవి. అప్పుడు మూడు కొన్నాను, పది కొననందుకు ఇప్పటికీ ఏడుస్తున్నా.

ఫ్రిస్కో తమ్ముడు:
బాబాయ్ గారూ, సైట్ మీద 800 దాకా అంకెలు ఉన్నాయి. నంబర్ 5కి 800 దాకానే కదా. కొనేముందు అదే చూసుకున్నా.

కొలతల బాబాయ్:
ఎంత దాకా ఉందని అడగలేదు. ఎక్కడుందని అడిగాను.

వేడినీళ్ల సార్:
మ్యాగజైన్ సంగతి తర్వాత. ఆ .303 తూటాలు పాత సర్‌ప్లస్ సరుకా, కొత్తవా? అది ముందు తెలియాలి. పాతవాటి అడుగున నిప్పు రాజేసే ప్రైమర్‌లో క్లోరేట్ ఉంటుంది. పేలాక గొట్టంలో ఒక రకం ఉప్పు మిగులుతుంది. అది గాల్లో తేమని పీల్చుకుని గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. నూనెలూ, మామూలు సాల్వెంట్లూ ఆ ఉప్పుని కరిగించవు, నీళ్లే కరిగిస్తాయి. రేంజ్ నుంచి రాగానే బోల్ట్ తీసి గరాటా పెట్టి మరిగే నీళ్లు పోయండి. తర్వాత ఆరనిచ్చి నూనె గుడ్డ లాగండి. మేం హ్యూస్టన్‌లో ఉంటాం. ఇక్కడి ఉక్కకి ఒక్క రాత్రి వదిలేసినా పొద్దున్నకి ఎర్రగా కనిపిస్తుంది.

ఎం44 వీరాభిమాని:
సార్, ఆయన మ్యాగజైన్ అడిగితే మీరు స్నానం చేయిస్తున్నారేంటి!

వేడినీళ్ల సార్:
మీ మూడు మోసిన్ల గొట్టాల్లో ఒకసారి లైటు వేసి చూసుకోండి, తర్వాత మాట్లాడదాం.

గుంటూరు నుంచి:
నాకు ఇవన్నీ తెలియవు గానీ ఒక మాట. మా తాతగారికి ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ ఉండేది. ఇక్కడ త్రీనాట్‌త్రీ (.303) ప్రొహిబిటెడ్ బోర్ కిందికి వస్తుంది, మామూలు జనానికి లైసెన్స్ ఇవ్వరు. .315 అయితే ఇస్తారు. చూడ్డానికి పోలీసుల త్రీనాట్‌త్రీ లాగే ఉంటుంది. దానికి వెనక సైట్ బోల్ట్‌కి ముందు, గొట్టం మీద ఉంటుంది. బాబాయ్ గారు అడుగుతున్నది అదేనేమో.

కొలతల బాబాయ్:
అదే. నంబర్ 4కీ, 5కీ సైట్ వెనక్కి, కంటి దగ్గర ఉంటుంది. గొట్టం మీద ఉంటే పాత నంబర్ 1 కుటుంబం. ఆ రెండింటి మ్యాగజైన్లు వేరు.

ఫ్రిస్కో తమ్ముడు:
గొట్టం మీదే ఉందండీ. గుండు కూడా గుల్లగా లేదు. బోల్ట్ పిడి కింద చెక్కని పట్టుకునే ఇనుప భాగం ఉంది కదా, దాని మీద రంగు గీకి చూశాను. ఆర్ఎఫ్ఐ అని ఉంది, కింద 7.62 ఎంఎం 2ఏ1, 1967. ఇండియాలో చేసిందని అమ్మినాయన ఆ రోజే చెప్పాడు. అందరికీ తెలిసే ఉంటుందని రాయలేదు.

కొలతల బాబాయ్:
అందరికీ ఎలా తెలుస్తుందయ్యా? నీది 7.62 తుపాకీ, ఆ .303 పెట్టెలు తీసి దూరంగా పెట్టు. 2ఏ1 మ్యాగజైన్ కొను.

పాత ఇనుము:
ఆర్ఎఫ్ఐ అంటే రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్, బెంగాల్‌లో ఉంది. 1962లో చైనాతో యుద్ధం వచ్చాక సైన్యానికి తుపాకులు త్వరగా కావాల్సి వచ్చింది. అలవాటైన పాత నంబర్ 1 మార్క్ 3 నమూనానే తీసుకుని, ఇంకా గట్టి ఉక్కుతో 7.62 నాటో తూటాకి కట్టారు. మొదటి రకం 2ఏకి సైట్ మీద 2000 దాకా గీతలుండేవి, 2ఏ1కి 800కి తగ్గించారు. నంబర్ 5 సైట్ కూడా 800 దాకానే. కాకపోతే అవి గజాలు, ఇవి మీటర్లు. నిన్ను బోల్తా కొట్టించింది ఆ అంకే. 2ఏ1 మ్యాగజైన్ అడుగు కూడా నలుచదరంగా ఉంటుంది, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. అమెరికా కంపెనీలు 2ఏ1లను కోసి, గరాటా తగిలించి, నంబర్ 7 జంగిల్ కార్బైన్ అని అమ్మాయి. బ్రిటన్‌లో అసలు నంబర్ 7 అంటే వాయుసేన శిక్షణకి చేసిన చిన్న .22 రైఫిల్!

ఎం44 వీరాభిమాని:
అయితే షాపులో దొరికే .308 విన్‌చెస్టర్ తూటాలు కొట్టుకోవచ్చు, అవీ దాదాపు 7.62 నాటో సైజే. హాయి.

వేడినీళ్ల సార్:
వద్దు. పేలినప్పుడు లోపలి ఒత్తిడి 7.62 నాటోకి 50,000, .308కి అయితే 62,000. లెక్క మీకే తెలుస్తుంది.

పాత ఇనుము:
ఆ రెండు అంకెలూ ఒకే కొలతలో లేవు సార్. 50,000 అన్నది రాగి ముక్కని నలిపి కొలిచే పాత సీయూపీ లెక్క. 62,000 అన్నది పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి పౌండ్లు. పాత లెక్కలో చూస్తే .308 గరిష్ఠం 52,000. మీరు చెప్పినంత తేడా లేదు.

వేడినీళ్ల సార్:
తేడా లేదని తెలిసినవాళ్ల చేతివేళ్లు పదీ ఉన్నంతకాలం పర్వాలేదు. నేనైతే కొట్టను.

కొలతల బాబాయ్:
ఏది కొట్టాలో తర్వాత కొట్టుకుచావండి. ముందు గన్‌స్మిత్ దగ్గర హెడ్‌స్పేస్, అంటే తూటాకీ బోల్ట్‌కీ మధ్య ఖాళీ, సరిగ్గా ఉందో లేదో చూపించు. ఎవరో కోసిన తుపాకీ.

గుంటూరు నుంచి:
ఇంతకీ రైఫిల్‌కీ కార్బైన్‌కీ తేడా ఏంటండీ? గొట్టం పొట్టిగా ఉంటే కార్బైనేనా?

పాత ఇనుము:
అంత తేలిక కాదు. రష్యన్లు ఎం44ని కార్బైన్ అంటే, దాదాపు అంతే గొట్టం ఉన్న నంబర్ 5ని బ్రిటిష్‌వాళ్లు రైఫిల్ అనే అన్నారు. జర్మన్ల కే98కే రైఫిల్ పేరులో మొదటి కే అంటే కార్బైన్, చివరి కే అంటే పొట్టి, గొట్టం చూస్తే నంబర్ 5 కంటే పొడుగు. ఎవరి సైన్యం ఏ పేరు పెడితే అదే.

ఎం44 వీరాభిమాని:
అందుకే మోసిన్ అంటున్నా.

ఫ్రిస్కో తమ్ముడు:
2ఏ1 మ్యాగజైన్ దొరికింది, మంగళవారం వస్తుందట. థ్యాంక్స్ అందరికీ. ఈ ఆదివారం రేంజ్ లేదు. తూటాలు షాపువాడు వాపసు తీసుకోడట, రెండు పెట్టెలూ అలాగే ఉన్నాయి.

వేడినీళ్ల సార్:
పెట్టె మీద తయారీ ఏడాది ఏముంది?